గంజి పెట్టిన ప్రాగ్

కల్యాణికి లోకంలో ప్రతిదీ పాడైపోవడానికే సిద్ధంగా ఉన్నట్టు కనిపిస్తుంది. పాలు రెండుసార్లు కాచినా మూడోసారి పొయ్యి మీద పెడుతుంది. కూతురు నవ్య బడికి తీసుకెళ్ళే డబ్బా మూత పెట్టేముందు ఒకసారి, పెట్టాక మళ్ళీ తీసి ఒకసారి వాసన చూస్తుంది. నవ్య రెండేళ్ళ పిల్లప్పుడు పాచిపోయిన పప్పు తిని ఆసుపత్రిలో పడింది. పిల్ల లేచి, ఆడి, పాడి, ఒకటో తరగతికి కూడా వచ్చేసింది గానీ తల్లి భయం మాత్రం ఆ ఆసుపత్రి మంచం మీదే ఉండిపోయింది.

"దీని సేతికిస్తే గంగనీళ్ళకి కూడా ఉప్పేసి జాడీలో పెట్టీగల్దు" అని అత్త శేషమ్మ ఎగతాళి చేసేది.

మావగారు భీమారావు మాత్రం ఎగతాళి చేసేవాడు కాదు. ఆయన పలాస వైపు నుంచి కుర్రతనంలో రాయపూర్ వచ్చి, ఇనుప మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఒక ఏడాది ఆ మిల్లుకి పరదేశం నుంచి పెద్ద మెషిను వచ్చింది. దాన్ని బిగించడానికి యాన్ అని ఒక ఇంజనీరు కూడా వచ్చాడు. ఆయనది ప్రాగ్ నగరం. చెక్ దేశానికి రాజధాని. వానాకాలమంతా ఇక్కడే ఉండి, సగం హిందీలో, సగం చేతులతో, టీ తాగినంతసేపూ తన ఊరి గురించే చెప్పేవాడట. మెషిను తిరగడం మొదలయ్యాక యాన్ సారు వెళ్ళిపోయాడు. ఆయన ఊరు మాత్రం భీమారావు నోట్లో ఉండిపోయింది.

"మన రాయపూరూ ఛత్తీస్‌గఢ్‌కి రాజధానే. కాపోతే నిన్న గాక మొన్నటి రాజధాని. అది ఎన్ని వొందలేళ్ళ నుంచో రాజధాని" అనేవాడు.

కల్యాణి ఎనిమిదో తరగతి మధ్యలో, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మనిషి లేక బడి మానేసిన పిల్ల. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆమెకి హిందీ రాదు, వీధి తెలీదు. సాయంత్రాలు వెల్లుల్లి ఒలుస్తూ మావగారు చెప్పే కబుర్లు వినేది. అలా శంకర్ నగర్ వెనకున్న తమ గల్లీ కంటే ముందు ఆమెకి ప్రాగ్ తెలిసింది. ఏటి పేరు వల్టావా. ఏటికి ఒక పక్క కొండ మీద కోట, ఇంకో పక్క పాత ఊరు. మధ్యన రాతి వంతెన, దానికి రెండు వైపులా ముప్పై విగ్రహాలు. వాటిలో ఒక సాధువు విగ్రహం. రాణిగారు చెప్పుకున్న రహస్యం రాజుకి చెప్పనన్నాడని ఆయన్ని ఏట్లోకి తోయించారట. ఆయన విగ్రహం కింద ఇత్తడి పలక ఉంటుంది. దాన్ని ముట్టుకున్నవాళ్ళు మళ్ళీ ఆ ఊరు వస్తారని నమ్మకం. జనం చేతులు తగిలి తగిలి అది బంగారంలా మెరుస్తుందట.

"ఆ వంతెనకి ముహూర్తం ఎట్టినారు తెల్సా?" అనేవాడు భీమారావు, ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టు. "సంవత్సరం, తారీఖు, నెల, గంట, నిమిషం వరసాగ్గా రాస్తే ఒకటీ మూడూ ఐదూ ఏడూ తొమ్మిదీ, మళ్ళీ ఏడూ ఐదూ మూడూ ఒకటీ! ఎక్కి దిగినట్టుగా. మన పంతుళ్ళెవరో ఎల్లి ఎట్టుంటారు."

"నీ నాలిక మీదే కట్టినట్టున్నారు ఆ వంతెన" అనేది శేషమ్మ.

ఒక రోజు గుడ్ల కథ చెప్పాడు.

"వంతెన కట్టే సున్నంలో గుడ్లు కలిపితే గట్టిగా పట్టుకుంటాదని రాజుగారు ఊరూరికీ కబురెట్టినాడట. బళ్ళ మీద గుడ్లు వొచ్చినాయి. వెల్వరీ అని ఒక ఊరోళ్ళు దారిలో పగిలిపోతాయేమోనని ఏటి సేసినారో తెల్సా? శుబ్బరంగా ఉడకబెట్టి పంపినారు!"

ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు. కల్యాణి మొగుడు ఉమేష్‌కైతే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కల్యాణి నవ్వలేదు.

"నవ్వుతారేటి? మంచి పనే కదా సేసినారు. అంత దూరం, బండి మీద, పచ్చి గుడ్లు..."

భీమారావు కోడలి వంక ఎగాదిగా చూసి, "ఇన్నాళ్ళకి తెలిసిందే నీది ఏ ఊరో" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఆయనకి వెల్వరీ పిల్ల.

ఇంత తెలిసిన భీమారావు ఆ ఊరు చూసింది లేదు. చూస్తాననే ఆశా లేదు. మోకాళ్ళు అరిగాక ఆయనకి గల్లీ చివరి పాన్‌ఠేలా బడ్డీ దాకా నడవడమే ఒక ప్రయాణం.

ఆ గల్లీలో తెలుగువాళ్ళంతా కలిసి ఏటా వినాయకుణ్ణి పెడతారు. పందిరి ఒక్కో ఏడు ఒక్కో వేషం కడుతుంది. ఒక ఏడు ఎర్రకోట, ఒక ఏడు కేదారనాథ్. ఆ ఏడు కమిటీ పెద్ద మల్లేశ్వరరావు స్వయంగా ఇంటికొచ్చి, "భీమన్నా, వేరే గల్లీవాళ్ళు ఈసారి ఈఫిల్ టవర్ అంటున్నారు. మనం నీ ప్రాగ్ కట్టేద్దామా?" అన్నాడు.

భీమారావు అన్నం తింటున్నాడు. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"వంతెన కూడానా?" అన్నాడు చివరికి. "నడిసెళ్ళేదేనా?"

"నడిసెళ్ళేదే నాన్నా" అన్నాడు ఉమేష్. వాడిది వెల్డింగు పని. "నాలుగు మెట్లెక్కి, వంతెన దాటి, గడియారం టవరు కింద దిగితే వినాయకుడు. నువ్వే ముందు ఎక్కుదువు."

ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయాడు ముసలాయన. అది చూసిన దగ్గర్నుంచి కల్యాణికి కొత్త భయం పట్టుకుంది. ఈ పందిరి నిలబడాలి. ఏది పాడైనా ఇది పాడవకూడదు.

పేచీలు రాకపోలేదు. ప్రాగ్ గడియారం గంట కొట్టినప్పుడు పైన రెండు కిటికీలు తెరుచుకుని ఏసు శిష్యులు పన్నెండుమందీ ఒకరి వెనక ఒకరు వస్తారు. పక్కనే ఒక అస్థిపంజరం తాడు లాగి గంట కొడుతుంది. ఆఖర్న కోడి కూస్తుంది. శిష్యుల మాట వినగానే ఎదురింటి గ్రేస్ గబగబా వచ్చింది. కాకినాడ పిల్ల, ఆసుపత్రిలో నర్సు.

"పన్నెండుమంది పేర్లూ నేను చెబుతానండి. బొమ్మలు మా సునీల్ వేస్తాడు" అంది. సునీల్ ఆమె భర్త, దుకాణాలకి బోర్డులు రాస్తాడు.

"వినాయకుడి పందిట్లో..." అని మల్లేశ్వరరావు నసిగాడు.

"పన్నెండుగురూ పెద్దమనుసులే కదా, దండం ఎట్టుకోడానికొస్తే వద్దంటామేటి?" అంది శేషమ్మ. "ఆ ఎముకలోడు మాత్రం వొద్దు. మంగళమా అని దేవుడి ముందు సావు గంట కొట్టడమేటి?"

భీమారావు చాలాసేపు ఆలోచించి, ఎముకలవాడి బదులు వినాయకుడి ఎలుక తాడు లాగేలా ఒప్పుకున్నాడు. "యాన్ సారు చూస్తే నవ్వుతాడు గానీ కోప్పడడు" అన్నాడు.

పండరీ బజారు నుంచి తెల్ల మార్కిన్ గుడ్డ తాన్లు తెచ్చారు. వెదురు బద్దల చట్రం మీద గుడ్డ బిగించి, చిక్కటి గంజి పట్టించి ఎండబెడితే అట్టలా తయారవుతుంది. దాని మీద సునీల్ రాళ్ళు, కిటికీలు, గడియారం రంగులతో వేస్తాడు. గంజి ఇంటికొక గిన్నె పంపాలి. పెద్ద గంగాళం కల్యాణి వాకిట్లో పెట్టారు. గుడ్డకి గంజి పట్టించేది ఆదివారం. గిన్నెలు శుక్రవారం నుంచే రావడం మొదలయ్యాయి.

భాద్రపదం ఉక్క. కల్యాణి గంగాళం మూత తీసి వాసన చూసింది. మూత పెట్టి, మళ్ళీ తీసి చూసింది. పులిసిపోతే? పందిరంతా కంపు కొడితే? ఈగలు ముసిరి, ప్రసాదం మీద వాలి, పిల్లలకి ఏదైనా అయితే? ఆమె లోపలికెళ్ళి ఉప్పు జాడీ తెచ్చింది. ఒక గుప్పెడు వేసింది. పక్కింటి దాలమ్మ గిన్నె వచ్చినప్పుడు ఒక గుప్పెడు, సాయిలక్ష్మి గిన్నె వచ్చినప్పుడు ఇంకో గుప్పెడు. ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, ఊరగాయలో ఉప్పు వేశానని ఎవరైనా చెబుతారా?

ఆదివారం ఎండ విరగకాసింది. గంజి ఆరి గుడ్డ పలకలా బిగుసుకుంది. సునీల్ వేలి కణుపుతో కొట్టి చూసి, "ఏక్ నంబర్ గంజి కల్యాణక్కా" అన్నాడు. రెండు రోజుల్లో గల్లీలో ప్రాగ్ లేచింది. వంతెన గోడలు, గోడల మీద అట్ట విగ్రహాలు, సాధువు కింద బంగారు రంగు పలక, చివర్న కోసుగా టవరు, దాని నుదుటి మీద గడియారం. కిటికీల వెనక ఉమేష్ పాత సైకిల్ చక్రం బిగించి, పన్నెండుమందినీ చువ్వలకి కట్టాడు. భీమారావు గుమ్మంలో కుర్చీ వేయించుకుని పొద్దస్తమానం అటే చూస్తూ కూర్చున్నాడు. ఇంకా ఎక్కలేదు. చవితి పూజ అయ్యాకే ఎక్కుతానన్నాడు.

చవితి ముందు రోజు పొద్దున్న మబ్బు పట్టింది. వాన పడలేదు. గాలంతా తడిబట్టలా బరువెక్కింది, అంతే. పదిగంటల వేళ వీధిలోంచి శేషమ్మ కేక.

"ఒసే కల్యాణీ, ఆవులు! ప్రాగ్‌ని నాకేస్తన్నాయే!"

కల్యాణి పరుగున వచ్చింది. రెండు వీధి ఆవులు వంతెన గోడని శ్రద్ధగా నాకుతున్నాయి. ఒక విగ్రహం అప్పటికే మోకాళ్ళదాకా రంగు పోగొట్టుకుంది. ఉమేష్ ఇనప గమేలా మోగించి తోలితే రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ వచ్చాయి. ఆవుల సంగతి అలా ఉంచి ఆమె టవరు వంక చూసింది. నిన్నటిదాకా నిటారుగా ఉన్న కోసు శిఖరం తలవాల్చేసింది. గడియారం ముఖం ముడతలు పడింది. కిటికీలు మూసుకుపోయి చక్రం తిరగడం లేదు. గోడల గుడ్డ జారి వంతెన దారి మీదికి వేలాడుతోంది.

"ఆ దుకాణంవాడు పాడుగుడ్డ అంటగట్టాడు" అని మల్లేశ్వరరావు మండిపడ్డాడు. "రేపు పొద్దున్న పూజ. ఈ దిక్కుమాలిన గుడ్డంతా పీకేసి మామూలు షామియానా వేసేద్దాం."

భీమారావు కుర్చీలోంచి మెల్లగా లేచి వచ్చాడు. గోడని వేలితో రాసి, ఆ వేలు నాలిక మీద పెట్టుకున్నాడు. కోడలి వంక చూశాడు. ఆయన చెప్పడని కల్యాణికి తెలుసు. అందుకే ఊరుకోలేకపోయింది.

"గుడ్డ మంచిదే బాబాయ్" అంది మల్లేశ్వరరావుతో. "గంజి పులిసిపోద్దేమోనని నేనే ఉప్పేసినాను."

"ఎంత?"

"గుప్పెడు."

"ఒక్క గుప్పెడుకేనా ఇలా..."

"గిన్నెకో గుప్పెడు."

ఉప్పు గాలిలో తడిని లాక్కుంటుందని వంట చేసే ప్రతి ఆడదానికీ తెలుసు. వానాకాలం ఉప్పు జాడీ చూడనిదెవరు? కల్యాణికీ తెలుసు. ఆ క్షణంలో తోచలేదు, అంతే.

"సెప్పినానా నేను! గంగనీళ్ళకి కూడా..." అని శేషమ్మ అందుకోబోయింది.

భీమారావు నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "వెల్వరీ!" అన్నాడు ఊపిరి తిప్పుకుంటూ. "సున్నంలో ఉడికిన గుడ్లు!"

కల్యాణి కూడా నవ్వబోయింది. కానీ ఆయన నవ్వు నోటి దగ్గరే ఉంది, కళ్ళు టవరు మీద ఉన్నాయి.

"పోన్లేయే. షామియానా కింద కుర్చీ ఏయించుకుని కూకుంటాను. నాకు మెట్లెక్కడం కూడా తప్పీది" అన్నాడు.

ఆ మాట కల్యాణికి చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. ఆమె టవరు దగ్గరకెళ్ళి, వాలిన గుడ్డని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె ఆ గల్లీలో అందరి చీరలకీ ఫాల్స్ కుట్టేది, జాకెట్లు కుట్టేది. మెత్తటి గుడ్డ నిలబడాలంటే గంజి ఒక్కటే దారి కాదని ఆమెకి తెలుసు.

"బాబాయ్, దీపాలేళ దాకా పీకించకండి. అప్పటికీ నిలబడకపోతే మీ ఇష్టం" అంది. మొగుడి వైపు తిరిగి, "బండి తీయండి. పండరీ ఎల్దాం. బక్రం కావాల" అంది.

"బక్రమా? టవరుకి కాలరు కుడతావేటే?"

"కాలరే కుడతాను. తీయండి."

కాలర్లలో, నడుం పట్టీలలో వేసే ఆ బిరుసు గుడ్డని మొత్తం ఒక తాను తెచ్చారు. గడియారం ముఖం వెనక బక్రం అతికి కుట్టింది. కోసుకి పైనుంచి కిందకి, లంగాకి నాడా ఎక్కించే నేఫాలా పొడుగు సందులు కుట్టి, వాటిలోకి వెదురు పుల్లలు తోయించింది. గొడుగు ఊచల్లాగ. దాలమ్మ వచ్చి కూర్చుంది. సాయిలక్ష్మి వచ్చింది. డ్యూటీ దిగిన గ్రేస్ నర్సు బట్టల్లోనే సూది అందుకుంది.

"మనుషులకి కుట్లు వేసే చెయ్యి. ఊరికి కూడా వేసేద్దాం" అంది.

శేషమ్మకి సూదిలో దారం కనబడదు. నవ్య ఎక్కించి ఇస్తుంటే తిట్టుకుంటూనే కుట్టింది. "నా కోడలని కాదు గానీ, ఇంత సేటు పని, ఇంత సేటు కుట్టు ఎక్కడా సూళ్ళేదమ్మా" అని దాలమ్మతో అంది. అది తిట్టో మెప్పో ఎవరికీ అర్థం కాలేదు.

"అసలు గడియారం కూడా రెండో ప్రపంచ యుద్ధం ఆఖర్న కాలిపోయిందట" అన్నాడు భీమారావు, అడక్కుండానే, కుర్చీ దగ్గరగా జరిపించుకుని. "ఊరోళ్ళు మళ్ళీ బాగుసేసుకున్నారు. మీకులాగే కూకుని కుట్టుంటారు."

దీపాల వేళకి టవరు లేచింది. నిటారుగా కాదు. మిఠాయి కొట్టు వైపు కొంచెం వాలి, ఏదో వాసన పట్టినట్టు నిలబడింది. మల్లేశ్వరరావు తల అటు వాల్చి ఇటు వాల్చి చూసి, "బాగానే ఉంది. నేనూ ఈ మధ్య అలాగే నిలబడుతున్నా" అన్నాడు. వంతెన గోడలకి కుట్టే టైము లేక పైపైన తాళ్ళతో లాగి కట్టారు.

చవితి పూజ అయింది. సాయంత్రానికి గల్లీ నిండా జనం. భీమారావు మైకు పట్టుకుని హిందీలో ముహూర్తం కథ చెప్పాడు, సాధువు కథ చెప్పాడు. గుడ్ల కథ దగ్గరకొచ్చి ఆగిపోయాడు. "యే కహానీ హమారీ బహూ బోలేగీ. మా కోడలే చెబుతుంది, ఇది ఆమె పుట్టింటి కథ" అని మైకు కల్యాణి చేతిలో పెట్టేశాడు.

ఆమె మైకుని రెండు చేతులా పట్టుకుంది. బడిలో కూడా ఎప్పుడూ నిలబడి మాట్లాడింది లేదు. నవ్య మొహం చూసి, తనకొచ్చిన హిందీలోనే మొదలుపెట్టింది. రాజు, వంతెన, బళ్ళు, ఉడికిన గుడ్లు. జనం గొల్లుమన్నారు. అంతటితో ఆగకుండా తన ఉప్పు గంజి, ఆవులు కూడా చెప్పేసింది. ఇంకా గొల్లుమన్నారు. ముందు వరసలో పిల్లాణ్ణి ఎత్తుకున్న ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ మాత్రం నవ్వలేదు. "బనే తో కరిన్" అంది పక్కావిడతో. మంచిపనే చేశారు కదా అని. కల్యాణికి ఆమెని వెళ్ళి కావలించుకోవాలనిపించింది.

"ఇక పద" అన్నాడు భీమారావు.

ఆయన ఒక చెయ్యి కోడలి భుజం మీద, ఒక చెయ్యి కర్ర మీద వేసి మెట్లెక్కాడు. ప్రతి విగ్రహం దగ్గరా ఆగాడు. ఆవు నాకిన విగ్రహాన్ని జాలిగా చూశాడు. సాధువు దగ్గరకొచ్చి, వంగి, బంగారు రంగు పలక మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఏటి కోరుకున్నారు మావయ్యా?"

"మళ్ళీ రావాలని."

"మళ్ళీ ఏటి? ఒకసారైనా ఎల్లనేదు కదా."

"ఇప్పుడొచ్చినాను కదే, వెల్వరీ పిల్లా!"

టవరు వెనక ఉమేష్ సైకిల్ చక్రం తిప్పాడు. కిటికీలు తెరుచుకుని పన్నెండుమందీ ఒక్కొక్కరే వచ్చి వినాయకుడి వైపు తల వంచి వెళుతున్నారు. కింద గ్రేస్ పెదాలు ఒక్కొక్కరి పేరూ పలుకుతున్నాయి. ఎలుక తాడు లాగింది, గంట మోగింది. ఎక్కడో చాటునుంచి నవ్య కోడిలా కూసింది, ఒకసారి కూయమంటే మూడుసార్లు.

ముసలాయన నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడు. కల్యాణి మాత్రం ఒక చేత్తో ఆయన్ని పట్టుకుని, ఇంకో చెయ్యి ఎందుకైనా మంచిదని టవరుకి ఆనించి నిలబడింది.